పంపుకు ఇవతల, పంపుకు అవతల

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో, కాకినాడలో, మచిలీపట్నం గిలకలదిండిలో, నిజాంపట్నంలో మరపడవలు కదలవు. చెక్క పనులు, రంగులు, వలల మరమ్మతులు, గేర్‌బాక్సు సర్వీసు అన్నీ ఈ రెండు నెలల్లోనే చేయించుకుంటారు. జూన్ 15న ఐసు, బియ్యం, డీజిల్ ఎక్కించుకుని పడవలు బయల్దేరతాయి. ఆ మొదటి వేటలోనే కొన్ని ఇంజిన్లు మొగ దాటిన కాసేపటికి మొరాయిస్తాయి. యాక్సిలరేటర్ ఉన్నచోటే ఉన్నా వేగం పడిపోతుంది, దానంతటదే పుంజుకుంటుంది, మళ్లీ పడిపోతుంది, చివరికి ఆగిపోతుంది. ఓ పావుగంట వదిలేసి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఒడ్డుకు రాగానే సరంగు మెకానిక్‌తో చెప్పే మాట దాదాపు ఒక్కటే: “పంపు పోయినట్టుంది మేస్త్రీ, కొత్తది వేసెయ్.”

పావుగంట విశ్రాంతి ఇస్తే బాగుపడే పంపు చాలావరకు పాడైన పంపు కాదు. నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి దాని గొంతు నొక్కుతోంది, ఆగగానే వదిలేస్తోంది. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అలల కుదుపుకి లేచి, లాగే గొట్టం మూతికి అడ్డం పడుతుంది. ఇంజిన్ ఆగగానే ఆ లాగుడు పోయి మడ్డి జారిపోతుంది. అలాంటప్పుడు వేల రూపాయలు పోసి పంపు మార్చినా, వచ్చే వేటలో అదే చోట అదే కథ. అందుకే బోటు ఇంజిన్‌కు పంపుగానీ ఫిల్టరుగానీ కొనేముందు తేల్చుకోవాల్సింది కంపెనీ పేరు కాదు, ధర అంతకన్నా కాదు. జబ్బు పంపుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నది మొదట తేలాలి. ఇవతల అంటే ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను లాగే వైపు. అవతల అంటే పంపు నుంచి ఇంజిన్ దాకా తోసే వైపు. ఈ రెండింటికీ భౌతికశాస్త్రం వేరు, జబ్బులు వేరు, వేయాల్సిన ఫిల్టర్లు కూడా వేరు.

దారి ముందుగా చూద్దాం. ట్యాంకులోని డీజిల్ మొదట నీటిని వేరుచేసే ఫిల్టరులోకి వస్తుంది. దీన్నే వాటర్ సెపరేటర్ అంటారు. అక్కణ్నుంచి ఫీడ్ పంపు దాన్ని లాగి, కొద్దిపాటి ఒత్తిడితో ఇంజిన్ మీదుండే సన్న ఫిల్టరులోకి తోస్తుంది. ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు. అది డీజిల్‌ను వందల బార్ల ఒత్తిడికి నొక్కి ఇంజెక్టర్లకు పంపుతుంది. మిగిలిన డీజిల్ రిటర్న్ గొట్టంలో తిరిగి ట్యాంకుకు పోతుంది. జనం నోట “పంపు” ఒక్కటే గానీ ఇంజిన్ మీద ఉన్నవి రెండు. లాగి తోసేది ఒకటి, నొక్కేది ఇంకొకటి. రెండోదాని ధర ముందు మొదటిది చిల్లర ఖర్చు. కాబట్టి షాపులో నోరు తెరిచే ముందే ఏది అడుగుతున్నామో తెలిసి ఉండాలి.

లాగే వైపు ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. ఎక్కడైనా క్లిప్పు వదులైనా, గొట్టానికి సన్నని పగులు వచ్చినా అక్కడ డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. చిల్లి పడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే, కింద నీళ్లున్నా నోట్లోకి వచ్చేది గాలి. బయట తడి లేదు కాబట్టి “లీకేజీ ఏమీ లేదన్నా” అని ఎవరైనా చెప్పేస్తారు. తోసే వైపు దీనికి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ లీకైతే చుక్కలు కనిపిస్తాయి, వాసన వస్తుంది, ఇంజిన్ మాత్రం చాలాసేపు బాగానే నడుస్తుంది. కనిపించే లీకు కంటే కనిపించని లీకే పడవను నడిసముద్రంలో ఆపుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. డీజిల్‌లో ఎప్పుడూ కొంత గాలి కరిగి ఉంటుంది. లాగే వైపు ఫిల్టరు మూసుకుపోతున్నకొద్దీ పంపు ఇంకా గట్టిగా లాగాలి, దాంతో గొట్టంలో ఒత్తిడి ఇంకా పడిపోతుంది. ఒత్తిడి తగ్గితే కరిగిన గాలి బుడగలై బయటికొస్తుంది. సోడా మూత తీసినప్పుడు జరిగేదే ఇది. ఎక్కడా చిల్లి లేకపోయినా “ఎయిర్ పట్టింది” అనిపిస్తుంది. మూసుకుపోయిన ఫిల్టరు, చిల్లిపడిన గొట్టం, అరిగిన పంపు మూడూ సరంగు చెవికి ఒకేలా వినిపించడానికి కారణం ఇదే.

వీటిని విడదీయడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక శుభ్రమైన క్యాన్‌లో వడగట్టిన డీజిల్ పోసి ఇంజిన్ ఎత్తున పెట్టి, అందులోంచి ఫీడ్ పంపుకు నేరుగా ఒక పారదర్శక గొట్టం కలపాలి. రిటర్న్ గొట్టాన్ని కూడా అదే క్యాన్‌లోకి మళ్లించాలి. ట్యాంకు, సెపరేటర్, పాత గొట్టాలు అన్నీ పక్కకు పోయినట్టే. ఇప్పుడు లోడ్ మీద ఇంజిన్ హాయిగా నడిస్తే పంపుకు ఏ రోగమూ లేదు, జబ్బు ఇవతల ఉంది. అప్పుడూ మొరాయిస్తే పంపునో, దాని అవతలనున్న ఫిల్టరునో అనుమానించాలి. ఆ ఫిల్టరుదేమో పంపు కంటే చాలా తక్కువ ఖర్చు, కాబట్టి ముందు దాన్నే మార్చి చూడటం తెలివి. జబ్బు ఇవతల అని తేలితే ట్యాంకును, సెపరేటర్‌ను మళ్లీ కలపాలి. సెపరేటర్ తర్వాత పెట్టిన పారదర్శక గొట్టంలో బుడగలు కనిపిస్తే, సెపరేటర్ ముందుకు, వెనక్కు ఆ గొట్టాన్ని జరుపుతూ పోతే చిల్లి ఏ ముక్కలో ఉందో దొరుకుతుంది. పరీక్ష అయిపోగానే ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని తీసేయడం మాత్రం మరవకూడదు. ఇంజిన్ గదిలో నిప్పు పుడితే మొదట కరిగేది అదే.

ఇంత చిన్న మురికికి, ఇంత కాస్త నీటికి ఈ యంత్రం ఎందుకింత సున్నితం? రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపిన ఇంజిన్‌కు ఈ బెడద ఇంతగా లేదు. అందులో సంపీడన గాలి ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊదేది. దానికోసం ఇంజిన్ పక్కన ఓ భారీ కంప్రెసర్ ఉండాలి కాబట్టి ఆ పద్ధతి చిన్న బండ్లకు, చిన్న పడవలకు పనికిరాలేదు. ఇంధనాన్నే నేరుగా నొక్కి పంపే ఇంజెక్షన్ పంపు మీద జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1922 చివర్లో పని మొదలుపెట్టి, 1927లో పెద్దఎత్తున తయారీకి దిగింది. మనదేశంలో 1951లో మొదలైన మైకో అదే వంశం. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, రేవుల్లోని పాత మెకానిక్కుల నోట అది ఇప్పటికీ మైకో పంపే.

ఆ పంపు లోపల ఉక్కు ప్లంజర్, ఉక్కు బ్యారెల్‌లో కదులుతుంది. మధ్యలో రబ్బరు రింగు లేదు, పిస్టన్ రింగు లేదు. రెండింటి మధ్య సందు కేవలం 2 నుంచి 4 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం. ఆ సందులోకి చేరిన డీజిల్ పొరే అక్కడ కందెన కూడా. అంతకంటే కాస్త పెద్ద ఇసుక రేణువు దూరితే ఉక్కును గీస్తుంది. గీత పడితే ఒత్తిడి కారిపోతుంది. నీటి చుక్క చేరితే కందెన పొర తెగుతుంది, పడవ ఆగి ఉన్న రోజుల్లో అక్కడే తుప్పు పుడుతుంది. ప్లంజర్‌ను దాని జత బ్యారెల్‌తోనే నూరి తయారుచేస్తారు కాబట్టి ఒకదాని ప్లంజర్ ఇంకోదానికి వేయడం కుదరదు. కొత్త తరం కామన్ రైల్ ఇంజిన్లలో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్లకు పైమాటే. అక్కడ మురికికి క్షమాపణ ఇంకా తక్కువ.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వచ్చింది. అందులో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లే, బీఎస్-4లో అది 50. గంధకాన్ని తీసేసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డుగుణం కూడా కొంత పోతుంది. రిఫైనరీలు విడిగా కందెన పదార్థం కలిపి ఆ లోటు పూడుస్తాయి. అందుకని కొత్త డీజిల్‌కు భయపడక్కర్లేదు. పాత రబ్బరు సీళ్ల సంగతి వేరు. అమెరికాలో 1993లో గంధకం తగ్గించిన డీజిల్ అమ్మకానికి వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి పాత ఇంధనంలో ఉబ్బి ఉన్న రబ్బరు రింగులు కుంచించుకుపోయి పంపులు కారాయి. పంపు మరమ్మతు కిట్ కొనేటప్పుడు గోదాములో పదేళ్లుగా పడి ఉన్న పాత సరుకు చవకగా ఇస్తామంటే ఆశపడకపోవడమే మేలు.

ఇక నీటి సంగతి. “సగం ట్యాంకు ఖాళీగా ఉంటే గాలిలో తేమ నీరై దిగుతుంది, ట్యాంకు నింపి పెట్టుకో” అని అందరూ చెప్పే మాట. లెక్క వేసి చూద్దాం. వెయ్యి లీటర్ల ట్యాంకులో 500 లీటర్ల గాలి ఉందనుకుందాం. పగటికి రాత్రికి ట్యాంకులో 10 డిగ్రీల తేడా ఉంటే ఆ గాలి సుమారు 3 శాతం వ్యాకోచించి, సంకోచించి, రోజుకు 16, 17 లీటర్ల బయటి గాలిని పీల్చుకుంటుంది. 30 డిగ్రీల వద్ద తేమతో పూర్తిగా నిండిన గాలిలో ఘనపు మీటరుకు 30 గ్రాముల నీరు ఉంటుంది. అంటే రోజుకు అరగ్రాము. మొత్తం ఆవిరీ నీరైపోయిందనుకున్నా 61 రోజులకు 30 గ్రాములు, రెండు పెద్ద చెంచాలు. సెపరేటర్ గిన్నె నిండా దిగే నీరు ఇంత చెమ్మ నుంచి రాదు.

మరి ఎక్కడిది? డెక్కు మీదున్న ట్యాంకు మూత రబ్బరు రింగు చీలి, అల కొట్టినప్పుడల్లా లోపలికి దిగేది. గాలిగొట్టం వంపు తిరక్కుండా నిటారుగా ఉంటే వానకు పట్టేది. అన్నిటికంటే ఎక్కువ, వానలో నిలబెట్టిన డ్రమ్ముల్లోంచి వచ్చేది. డ్రమ్ము పైకప్పు అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది, వాన నీళ్లు బిరడా చుట్టూ నిలుస్తాయి. పగలు ఎండకు వేడెక్కిన డ్రమ్ము రాత్రి చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది, పీల్చేది గాలిని కాదు, బిరడా మరల మధ్యనుంచి ఆ నీటిని. డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ డీజిల్ మట్టం కిందికి వచ్చేలా అడ్డంగా ఉంచితే ఈ బెడద పోతుంది. ఖర్చు లేని ఈ పని కంటే మంచి ఫిల్టరు లేదు.

అయితే ఆ రెండు చెంచాల నీటిని తక్కువగా చూడకూడదు. డీజిల్ నీటి మీద తేలుతుంది, ఆ రెండూ కలిసే పొర దగ్గర బూజు బతుకుతుంది. నీళ్లు తాగి, డీజిల్‌ను తిని పెరిగే ఈ జీవుల్లో పేరుమోసినది అమార్ఫోథీకా రెసినే అనే శిలీంధ్రం. విమానాల కిరోసిన్ ట్యాంకుల్లోనూ ఇది పెద్ద తలనొప్పే. కదలని ట్యాంకు, మన తీరపు వేడి, కాస్త నీరు దానికి చాలు. రెండు నెలల తర్వాత అలకు కుదిపిన ట్యాంకులోంచి నల్లటి జిగురు ముక్కలు వచ్చి ఫిల్టరు కాగితానికి అతుక్కుంటాయి. బూజును చంపే మందులు దొరుకుతాయి గానీ, చచ్చిన బూజు కూడా ఫిల్టరు మీదికే వస్తుంది. మందు వేశాక ట్యాంకు అడుగు కడగకుండా వేటకు బయల్దేరితే వెనుక వరసగా ఫిల్టర్లు మార్చుకోవాల్సిందే.

నీటిని వేరుచేసే ఫిల్టరు పంపుకు ఇవతలే ఎందుకుండాలో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. డీజిల్ సాంద్రత నీటిలో సుమారు 83 శాతం, కాబట్టి నీటి బిందువు మునుగుతుంది. ఎంత వేగంగా అన్నది బిందువు వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 100 మైక్రాన్ల బిందువు 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు నాలుగైదు నిమిషాలు పడుతుంది. 10 మైక్రాన్ల బిందువుకు దానికి వంద రెట్లు, అంటే ఏడెనిమిది గంటలు. పంపుకు ఇవతల నీరు పెద్ద బొట్లుగా నెమ్మదిగా వస్తుంది, గిన్నెలో దిగిపోతుంది. పంపు కవాటాల గుండా ఒకసారి పోయాక అదే నీరు చిలికినట్టు సన్నని తుంపరైపోతుంది, ఇక గిన్నె దాన్ని పట్టలేదు. బయోడీజిల్ కలిసిన ఇంధనంలో నీరు ఇంకా మొండిగా కలిసిపోతుంది. మన జీవఇంధన విధానం 2030 నాటికి 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది కాబట్టి, సెపరేటర్ కొనేవాళ్లు కాస్త పెద్దదే తీసుకోవడం ముందుచూపు.

ఎంత పెద్దది? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. డీజిల్ ఇంజిన్ పూర్తి లోడ్ మీద హార్స్‌పవర్‌కు గంటకు సుమారు ఐదోవంతు లీటరు తాగుతుంది. అంటే 100 హార్స్‌పవర్ ఇంజిన్‌కు గంటకు 20 లీటర్లు. గంటకు 20 లీటర్ల ఫిల్టరు చాలనుకుంటే తప్పు. రిటర్న్ గొట్టంలో తిరిగిపోయే డీజిల్ కూడా ఫిల్టరు దాటి వచ్చిందే. కొన్ని ఇంజిన్లలో తిరిగిపోయేది కాల్చేదానికి రెండు మూడు రెట్లుంటుంది. ఫిల్టరు మోయాల్సింది ఆ మొత్తాన్ని. బోట్లలో ఎక్కువగా కనిపించే రాకర్ టర్బైన్ రకాల్లో చిన్నదైన 500 నమూనా గంటకు 227 లీటర్లు, 900 నమూనా 341, 1000 నమూనా 681 లీటర్ల దాకా మోస్తాయి. లెక్కకు 500 చాలినా, గదిలో చోటుంటే 900 వేయించుకోమంటాను. కాగితం విస్తీర్ణం రెట్టింపైతే ఫిల్టరు ఆయుష్షు రెట్టింపు కంటే ఎక్కువే పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదుగా పోయే ప్రవాహం సగమైపోతుంది.

తర్వాత మైక్రాన్లు. సన్నదైతే మంచిదన్న నమ్మకంతో పంపుకు ఇవతల 2 మైక్రాన్ల ఎలిమెంట్ పెట్టేవాళ్లున్నారు. ట్యాంకులోని మడ్డి అంతా దాని మీదే పడి తొందరగా మూసుకుంటుంది, పంపు గొంతు బిగుస్తుంది, ముందు చెప్పిన బుడగలు మొదలవుతాయి. లాగే వైపు గండి పెద్దదిగా ఉండాలి, వడకట్టు తోసే వైపు సన్నబడాలి. ఇవతల 30 మైక్రాన్లు, లేదా మీ రేవు డీజిల్ శుభ్రమైనదైతే 10 మైక్రాన్లు. అవతల ఇంజిన్ తయారీదారు చెప్పిన సన్న ఫిల్టరు. రాకర్ ఎలిమెంట్లలో 30 మైక్రాన్లది ఎరుపు, 10ది నీలం, 2ది గోధుమ రంగు మూతతో వస్తాయి కాబట్టి చీకటి ఇంజిన్ గదిలో కూడా తడబాటు ఉండదు.

పెట్టె మీద “10 మైక్రాన్లు” అని ఉన్నంత మాత్రాన రెండు ఫిల్టర్లు ఒకటి కావు. ఆ పరిమాణపు రేణువుల్లో సగం ఆపినా 10 మైక్రాన్లనే రాసుకోవచ్చు, 98.7 శాతం ఆపినా అదే రాసుకోవచ్చు. తేడాను చెప్పేది బీటా సంఖ్య. ఫిల్టరు ముందు 75 రేణువులుండి వెనుక ఒక్కటే మిగిలితే బీటా 75. బీటా 2 అంటే రెండింటిలో ఒకటి దాటిపోతోందని. వివరపత్రంలో బీటా అసలే రాయని ఫిల్టరు ఏ సంఖ్య చెప్పినా నేను పెద్దగా పట్టించుకోను. కాగితం మోసం కూడా ఉంటుంది. చవక ఫిల్టరును, అసలు ఫిల్టరును పక్కపక్కన కోసి చూస్తే తెలుస్తుంది. 10 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల లోతు ఉన్న మడతలు 60 ఉంటే కాగితం 2,400 చదరపు సెంటీమీటర్లు. 40 ఉంటే 1,600. డబ్బా, రంగు, మరలు అన్నీ ఒకటే, కాగితం మాత్రం మూడోవంతు మాయం. కొన్నిటిలో మడతల చివర జిగురు కూడా సరిగా అంటి ఉండదు, మురికికి అది రాజమార్గం.

డబ్బా మరలు సరిపోయాయి కదా అని ఇంజిన్ ఆయిల్ ఫిల్టరును డీజిల్ చోట బిగించడం ఇంకో ప్రమాదం. ఆయిల్ ఫిల్టరులో చాలావాటికి పక్కదారి కవాటం ఉంటుంది. కాగితం మూసుకుపోతే ఆయిల్ ఆగి ఇంజిన్ పట్టేయకుండా, వడకట్టకుండానే వదిలేస్తుంది. ఆయిల్‌కు అది ప్రాణరక్షణ. డీజిల్‌కు అది 3 మైక్రాన్ల సందులోకి మురికిని నేరుగా పంపడం.

పంపు దగ్గరికి వద్దాం. ఫీడ్ పంపు నిజంగానే పాడైందని క్యాన్ పరీక్షలో తేలితే, కొత్తది ఎంచుకోవడానికి దాని ఒంటి మీదున్న ప్లేటే మొదటి ఆధారం. బాష్ వంశపు పంపులకు పది అంకెల నంబరు ఉంటుంది. ఉప్పుకు ప్లేటు తినేసి ఉంటే ఇంజిన్ నంబరుతో పార్టుల పుస్తకం వెతకాలి, పాత పంపును సంచిలో వేసుకుని “ఇలాంటిదే ఇవ్వు” అనడం చివరి దారి. ఎందుకంటే బయటికి ఒకేలా కనిపించే రెండు పంపుల్లో క్యామ్ మీద నడిచే మీట పొడవు, వంపు వేరుగా ఉండొచ్చు. మీట కొద్దిగా పొట్టిదైనా లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రం, పూర్తిగా కదలదు, డీజిల్ చాలదు. పొడుగైతే మీట విరుగుతుంది. కింద వేసే ప్యాకింగ్ మందం మారినా ఇదే తంతు. రెండు ప్యాకింగులు వేసి బిగించిన పంపు “కొత్తదైనా లాగట్లేదు” అనిపించుకోవడం మామూలే.

డయాఫ్రం పంపుల్లో దాగి ఉండే ప్రమాదం ఒకటుంది. రబ్బరు పొర లోపల చిరిగితే డీజిల్ బయటికి రాకుండా ఇంజిన్ కిందనున్న ఆయిల్ తొట్టిలోకి దిగుతుంది. ఆయిల్ పలచబడి బేరింగులు అరుగుతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగితే, ఆయిల్ నుంచి డీజిల్ వాసన వస్తే, ఆ రోజే ఇంజిన్ ఆపాలి. అప్పుడు పంపు, ఆయిల్ రెండూ మార్చాలి.

మెకానికల్ పంపు బదులు కరెంటు పంపు పెట్టుకునేవాళ్లు ఒత్తిడి చూసుకోవాలి, బ్యాటరీ 12 ఓల్టులా 24 ఓల్టులా అన్నదీ చూసుకోవాలి. ఫీడ్ పంపు పని కొద్దిపాటి ఒత్తిడితో తోయడం, అంతే. కారు పెట్రోల్ ఇంజెక్షన్ పంపు 3 బార్ల దాకా తోస్తుంది, అది కార్బురేటర్ ముందు పెడితే సూది కవాటాన్ని తోసేసి పెట్రోల్ పొంగుతుంది. పెట్రోల్ ఔట్‌బోర్డులు వాడేవాళ్లకు ఇది ప్రాణసంకటం. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున పేరుకుంటుంది, రోడ్డు మీదలా గాలికి చెదిరిపోదు. అందుకే పడవల కోసం చేసిన పంపుల్లో డయాఫ్రం చిరిగినా ఇంధనం బయటికి చిమ్మదు, కరెంటు పంపులైతే నిప్పురవ్వ బయటపడదు. కారు పంపు సగం ధరకు వస్తుందని దాన్ని పడవలో బిగించడం పొదుపు కాదు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో పంపు రబ్బరు ఇథనాల్‌ను తట్టుకునేదో కాదో కూడా అడిగి తెలుసుకోవాలి.

బిగింపులో పాడుచేసేవి చిన్న వస్తువులు. మరలకు చుట్టిన టెఫ్లాన్ టేపు పోగులు తెగి పంపు కవాటం కింద ఇరుక్కుంటాయి, కవాటం పూర్తిగా మూసుకోదు, పంపు లాగదు. డీజిల్‌ను తట్టుకునే ద్రవపు సీలెంటు వాడటం మేలు. హార్డ్‌వేర్ షాపులో చవకగా దొరికే జీఐ ఎల్బోలు డీజిల్‌కు పనికిరావు. వాటి జింకు పూత డీజిల్‌తో కలిసి సబ్బులాంటి జిగురవుతుంది, అదీ ఫిల్టరు మీదికే. బాంజో బోల్టుల కింది రాగి వాషర్లు ఒకసారి నలిగాక గట్టిపడతాయి. కొత్తవి లేకపోతే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడి వాడుకోవచ్చు.

కొత్త డబ్బా ఫిల్టరును డీజిల్‌తో నింపి బిగించే అలవాటు కూడా చాలామందికి ఉంది, గాలి తీసే శ్రమ తగ్గుతుందని. ఫిల్టరు మూతి చూడండి. అంచు చుట్టూ ఉండే చిన్న రంధ్రాలు మురికి డీజిల్ వచ్చే దారి, మధ్యనున్న మరల రంధ్రం వడకట్టిన డీజిల్ పోయే దారి. క్యాన్‌తో మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడకట్టకుండానే ఇంజెక్షన్ పంపులోకి పోతుంది. పోస్తే అంచు రంధ్రాల్లోనే పోయాలి. అసలు పోయకుండా ఖాళీగా బిగించి, ప్రైమర్ నొక్కుతూ, బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చేదాకా గాలి తీయడం ఇంకా మంచిది.

సెపరేటర్‌కు, పంపుకు మధ్య ఒక వాక్యూమ్ గేజి పెట్టించుకుంటే ఊహాగానాలు చాలావరకు తగ్గుతాయి. ట్యాంకు పంపుకు 41 సెంటీమీటర్లు కిందుంటే ముల్లు ఒక అంగుళం పాదరసం చూపుతుంది, అది ఎత్తు లెక్కే. కొత్త ఫిల్టరుతో, పూర్తి లోడ్ మీద ముల్లు ఎక్కడుందో గేజి అద్దం మీద పెయింటుతో గీత పెట్టుకోవాలి. ముల్లు ఆ గీత దాటి వేట వేటకూ పెరుగుతుంటే ఫిల్టరు నిండుతోంది. పెరగకుండానే ఇంజిన్ నీరసపడుతుంటే గాలి చొరబడుతోంది, లేదా పంపు అలసిపోయింది.

మార్చిన పాత ఫిల్టరును సముద్రంలోకి విసరకండి, హ్యాక్సా బ్లేడుతో కోసి కాగితం విప్పి చూడండి. హ్యాక్సా రజను కాగితం మీద పడకుండా డబ్బా అంచు వెంట కోయాలి. నల్లటి జిగురు కనిపిస్తే ట్యాంకు కడిగించాలి. ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు, మూత రింగు మార్చాలి. అవతల ఫిల్టరులో మెరిసే లోహపు రజను కనిపిస్తే, అప్పుడు మేస్త్రీని పిలిచి కొత్త ఫీడ్ పంపు బేరం మొదలుపెట్టొచ్చు.